క్యాంప్‌గ్రౌండ్ హోస్టుల దగ్గరికి చుట్టాలు వస్తే: ఆరెగాన్ తీరంలో మా అనుభవాలు

అమెరికాలోని స్టేట్ పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్ హోస్టుగా ఉండడమంటే, సొంత ఆర్వీని (ఇల్లులా వాడుకునే పెద్ద బండిని) పార్కులో నిలుపుకొని, కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షను ఉన్న స్థలాన్ని అద్దె లేకుండా వాడుకుంటూ, అందుకు బదులుగా పార్కుకు స్వచ్ఛందంగా పని చేయడం. వచ్చినవారికి దారి చూపడం, కట్టెల మోపులు అమ్మడం, గదులు శుభ్రం చేయడం, మంటలు వేసుకునే చోట బూడిద తీయడం వంటివి ఈ పనిలో ఉంటాయి. ఉద్యోగ విరమణ తరువాత మా దంపతులం ఇష్టపడి ఎంచుకున్న జీవితం ఇది. అయితే వేసవి రాగానే పోర్ట్‌లాండ్ దగ్గరి హిల్స్‌బరో స్నేహితులు, సియాటిల్‌లో ఉన్న పిల్లలు, గుంటూరు నుంచి వియ్యాలవారు వరుసగా ప్రయాణాలు పెట్టుకున్నప్పుడు, వారిని ఎక్కడ ఉంచాలి, ఏమి చూపాలి, మేము పనిలో ఉన్న వేళల్లో వారికి పొద్దు ఎలా గడవాలి అన్న ప్రశ్నలు ముందుకు వస్తాయి. మా స్థితిలో ఉన్న తెలుగువారికి, మావంటి వారి దగ్గరికి వెళ్ళదలచినవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మేము ఉన్నది ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్కులో. కొలంబియా నది పసిఫిక్ మహాసముద్రంలో కలిసే చోట, ఆరెగాన్ వాయవ్య మూలన, సుమారు 4,300 ఎకరాల్లో విస్తరించిన పార్కు ఇది. పోర్ట్‌లాండ్ విమానాశ్రయం నుంచి కారులో రెండు గంటలకు పైగా పడుతుంది. 26వ నంబరు రహదారిలో కొండల అడవి దాటేటప్పుడు ఫోను సిగ్నలు పోతుంటుంది కనుక, దారి మ్యాపును ముందే ఫోనులో దింపుకొమ్మని బయలుదేరేవారికి చెబుతాము. అంతకన్నా గట్టిగా చెప్పేది బట్టల గురించి. గుంటూరు ఎండల నుంచి వచ్చేవారు జూలై అంటే వేసవే కదా అని పలుచని నూలు బట్టలు సర్దుకుంటారు. ఇక్కడ జూలై మధ్యాహ్నం కూడా సాధారణంగా 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, సాయంత్రం సముద్రపు గాలి ఎముకలు కొరుకుతుంది. స్వెట్టరు, చెవులకు మఫ్లరు, వాన కోటు లేకుండా రావద్దన్నది నా మొదటి మాట.

బసలో నా అభిప్రాయం స్థిరపడింది: చుట్టాలను ఆర్వీలో పడుకోబెట్టకూడదు. మన ఇళ్ళలో పదిమంది వచ్చినా హాల్లో చాపలు పరిచి సర్దుకునే అలవాటు మనది. కానీ ఆర్వీ అందుకు తగిన ఇల్లు కాదు. చాలా ఆర్వీల్లో వేడినీళ్ళ ట్యాంకు 6 గ్యాలన్లు, అంటే దాదాపు 23 లీటర్లు మాత్రమే. ఒకరి తలస్నానంతో అయిపోయి మళ్ళీ కాగేదాకా ఆగాలి. 30 ఆంపియర్ల కనెక్షను మీద హీటరు, మైక్రోవేవు, ఇండక్షను పొయ్యి ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది. పైగా హోస్టు స్థలం ముందు బోర్డు ఉంటుంది. కట్టెలు కావాలనో, పక్కవారు గోల చేస్తున్నారనో ఎవరో ఒకరు వచ్చి తలుపు తడుతుంటారు. పెద్దవారు నిద్రపోయే చోటు అది కాదు. ఒక స్థలంలో ఎందరు ఉండవచ్చు, రాత్రికి అతిథులను ఉంచుకోవచ్చా అన్న విషయాల్లో పార్కు నియమాలు హోస్టుకూ వర్తిస్తాయి కాబట్టి రేంజరును (పార్కు అధికారిని) ముందుగా అడగడం మర్యాద కూడా.

పిల్లలున్న స్నేహితుల కుటుంబాలకు నేను సూచించేది యర్ట్. మంగోలియా పశుపాలకుల గుడారం తీరులో గుండ్రంగా ఉండి, చెక్క నేల, తాళం వేసుకునే తలుపు, కరెంటు దీపం, హీటరు, ఒకదానిపై ఒకటిగా ఉండే మంచాలు, పరుపుగా మారే సోఫా ఉంటాయి. పిల్లలకు పై మంచం ఎక్కడమే పండుగ. దుప్పట్లు, దిండ్లు మనమే తెచ్చుకోవాలి. లోపల వంట చేయకూడదు. స్నానాల గది బయట, నాలుగడుగులు నడిచే దూరంలో ఉంటుంది, వేడినీళ్ళు ధారాళంగా వస్తాయి. అర్ధరాత్రి లేచి చలిలో బయటికి వెళ్ళాల్సిన ఈ ఒక్క కారణంగానే మోకాళ్ళ నొప్పులున్న వియ్యపురాలిని అక్కడ ఉంచడానికి నా మనసు ఒప్పలేదు. లోపలే స్నానాల గది, ఫ్రిజ్, మైక్రోవేవు ఉన్న డీలక్స్ క్యాబిన్లు ఇదే పార్కులో ఉన్నాయి. వాటి సంఖ్య తక్కువ, వేసవి శనివారాలకు దొరకడం కష్టం. రిజర్వేషను ఆరు నెలల ముందు తెరుచుకుంటుంది కనుక, వీసా చేతికి రాగానే, విమానం టిక్కెట్లకన్నా ముందు క్యాబిన్ చూసుకొమ్మంటాను. అది దొరకకపోతే దగ్గరి ఊళ్ళైన వారెంటన్‌లోనో సీసైడ్‌లోనో మోటెల్ తీసుకొని పగలంతా పార్కులో గడపడం పెద్దవారికి ఎంతో సుఖం. వియ్యాలవారిని మోటెల్‌లో పెట్టామని లోకం ఏమనుకుంటుందో అన్న బెంగ ఇక్కడ అనవసరం.

యర్ట్‌లు, క్యాబిన్లు మధ్యాహ్నం 1 గంటకు ఖాళీ చేయాలి, కొత్తవారు 4 గంటలకు దిగుతారు. ఆ మూడు గంటలే మాకు ఊపిరి సలపని సమయం. ఆ వేళ చుట్టాలు రాకూడదని, వచ్చినా మేము ఎదురు రాలేమని ముందే చెబుతాము. చెప్పినా వదినగారు (మా వియ్యపురాలు) ఊరుకునే మనిషి కాదు. "మీరు అంత కష్టపడుతుంటే నేను కూర్చోనా వదినగారూ!" అంటూ చీపురు అందుకోబోయారు. నేను చేతులు పట్టుకొని ఆపాను. వాలంటీరుగా నమోదైనవారే ఆ పని చేయాలి; అందులోనూ సందర్శక వీసా మీద వచ్చినవారు, జీతం లేని పని అయినా సరే, ఇటువంటి బాధ్యతల్లో చేయి పెట్టకపోవడమే క్షేమం. మన అమ్మలు, అత్తలు ప్రేమతో చేసే సాయాన్ని వద్దనడం కష్టమైనా, ఈ మాట మొదటి రోజే చెప్పవలసింది.

భోజనాల సంగతికి వస్తే, కరివేపాకు, గోంగూర, మంచి కందిపప్పు వచ్చేవారే హిల్స్‌బరో, బీవర్టన్ దుకాణాల నుంచి తేవాలి. పాలు, కూరగాయలు, పండ్లకు వారెంటన్‌లో ఫ్రెడ్ మేయర్, కాస్ట్‌కో దుకాణాలు చాలు. తిరగమోత మాత్రం ఎప్పుడూ ఆరుబయట, గ్యాసు పొయ్యి మీదే. ఎండుమిర్చి ఘాటు ఆర్వీలో పడితే వారం రోజులు పరుపులను వదలదు. అన్నయ్యగారు (మా వియ్యంకుడు) పైను చెట్ల కింద పీట మీద కూర్చొని పప్పుచారు అన్నంలో ఆవకాయ నంజుకుంటుంటే, పక్క స్థలంలోని అమెరికన్ దంపతులు వాసన పట్టి పలకరించారు, ఆ రాత్రి మా మంట చుట్టూ కుర్చీలు పెరిగాయి. మిగిలిన పదార్థాలను బల్లమీద వదిలితే రాకూన్‌లనే చిన్న అడవి జంతువులు వచ్చి మూతలు తీస్తాయి, అన్నీ కారులో పెట్టి తాళం వేయాలి. బయటి ఊళ్ళ నుంచి కట్టెలు తేకూడదు, వాటితో పురుగులు కొత్త అడవులకు చేరతాయి.

మేము పనిలో ఉన్నప్పుడు చుట్టాలు తమంతట తాము చూడదగినవి పార్కులోనే చాలా ఉన్నాయి. 1906 అక్టోబరులో ఇసుకలో చిక్కిన పీటర్ ఐరెడేల్ అనే నాలుగు తెరచాప స్తంభాల ఉక్కు ఓడ అస్థిపంజరం ఇప్పటికీ ఒడ్డున నిలిచి ఉంది. అందులోని సిబ్బంది అంతా బతికి బయటపడ్డారని చెబితే వదినగారు అక్కడే దండం పెట్టుకున్నారు. ఆటుపోటుల పట్టిక చూసుకొని, నీరు వెనక్కి తగ్గినప్పుడు వెళితే దగ్గరగా చూడవచ్చు. సముద్రానికి వీపు తిప్పకూడదు. ఉన్నట్టుండి మామూలుకన్నా చాలా ముందుకు దూసుకొచ్చే అలలు, వాటితో దొర్లే దుంగలు ఈ తీరంలో ప్రాణాలు తీస్తాయి. చీరాల, సూర్యలంక తీరాల్లో లాగా నడుములోతు దిగి స్నానం చేసే సముద్రం కాదు ఇది. చరిత్ర ఇష్టపడే అన్నయ్యగారికి బ్యాటరీ రస్సెల్ అనే పాత ఫిరంగుల స్థావరం నచ్చింది. 1942 జూన్ 21 రాత్రి జపాన్ జలాంతర్గామి ఐ-25 అప్పట్లో సైనిక కోటగా ఉన్న ఫోర్ట్ స్టీవెన్స్ మీద గుండ్లు పేల్చింది, కోటవారు తమ జాడ తెలియకూడదని తిరిగి కాల్చలేదు. పెద్దవారికి కాఫెన్‌బరీ సరస్సు చుట్టూ ఉన్న రెండు మైళ్ళ చదును బాట సరిపోతుంది.

బయటి చోట్లలో నేల దారిన పసిఫిక్ తీరం చేరిన అన్వేషకులు లూయిస్, క్లార్క్‌ల బృందం 1805-06 చలికాలం గడిపిన ఫోర్ట్ క్లాట్‌సాప్‌ను ముందు చెబుతాను. తరువాత మెట్లెక్కగలవారికి 164 మెట్ల ఆస్టోరియా స్తంభం. క్యానన్ బీచ్‌లో 235 అడుగుల హేస్టాక్ రాతిని చూడకుండా పంపలేము గాని, శనివారం అక్కడ కారు నిలిపే చోటు కోసం తిరగడంలోనే ఉత్సాహం చచ్చిపోతుంది, మంగళ, బుధవారాలే మేలు. వచ్చే ఏడు వియ్యాలవారిని సెప్టెంబరులో రమ్మన్నాము. బడులు తెరుస్తారు కనుక రద్దీ తగ్గుతుంది, వారం మధ్యలో క్యాబిన్లు దొరుకుతాయి, పెద్ద వానలు ఇంకా మొదలు కావు, పని ముగించుకొని వారితో తీరిగ్గా కూర్చునే సాయంత్రాలు మాకూ ఎక్కువ మిగులుతాయి.