ఉప్పుగాలిలో ఆరేళ్లు: మా ఇంటి హీట్ పంపు

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను మా డాబా మీది సోలార్ హీటరును గాజు గొట్టాలతో సహా ఎత్తుకుపోయింది. ఆ తర్వాత అయిదేళ్లు రెండు గీజర్లతో నెట్టుకొచ్చాం. ఇంట్లో ఆరుగురం. మా అమ్మకు కీళ్లనొప్పులు. మే నెలలోనైనా సరే, రెండు పూటలా గోరువెచ్చటి నీళ్లే కావాలి. అందుకే 2019 నవంబరులో 200 లీటర్ల ట్యాంకుతో హీట్ పంపు పెట్టించాం. మా ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో ఉంది. మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. ఈ సమీక్షలో సగం కథ ఆ సముద్రానిదే.

ముందు మంచి చెబుతాను. ఎ.సి. గదిలోని వేడిని తీసి బయటికి నెడుతుంది కదా, ఇది బయటి గాలిలోని వేడిని తీసి నీళ్లలోకి నెడుతుంది. కరెంటు ఆ మోతపనికే ఖర్చవుతుంది. 200 లీటర్ల నీళ్లను 27 డిగ్రీల నుంచి 55కు తేవాలంటే గీజరుకు 6.5 యూనిట్లు కావాలి. మా హీట్ పంపుకు విడిగా మీటరు పెట్టించాను. చలికాలంలో కూడా రోజుకు 2 యూనిట్ల దగ్గరే తిరుగుతుంది. వేసవిలో డాబా మీది ట్యాంకులో నీళ్లు ముందే కాగి ఉంటాయి కాబట్టి ఒక యూనిట్ కూడా దాటదు. మన ఊరి ఉక్కపోత కూడా దీనికి కలిసివస్తుంది. గాలిలోని తేమ కాయిల్ (గాలి వేడిని లాగే గొట్టాల చుట్ట) మీద నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడి కూడా నీళ్లకే చేరుతుంది. అలా కారే నీటికి గొట్టం బిగించి కరివేపాకు కుండీలోకి వదిలాం.

ఇక తప్పు సంగతి. బయటి యూనిట్‌ను డాబాకు తూర్పు మూల, పిట్టగోడ పక్కన పెట్టించాను. గాలి బాగా ఆడుతుందని నా ఆలోచన, బిగించిన మనిషీ అదే అన్నాడు. మూడో ఏడు, 2022 వేసవిలో, నీళ్లు వేడెక్కడానికి 3 గంటలకు బదులు 5 గంటలు పట్టడం మొదలైంది. మెకానిక్ వచ్చి వెనుక జాలీ విప్పాడు. కాయిల్ చుట్టూ ఉండే పల్చటి అల్యూమినియం రేకులు తెల్లటి పొడి పట్టి ఉన్నాయి. ఒక చోట గోటితో తాకాను, అప్పడంలా పొడిపొడిగా రాలిపోయింది. రాగి గొట్టం, అల్యూమినియం రేకు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చోట ఉప్పు తేమ పడితే అల్యూమినియాన్ని తినేస్తుందట. మూడేళ్లలో లక్ష రూపాయల పైన పెట్టిన వస్తువుకు ఆ గతి పట్టడం చూసి నాకు చాలా బాధ వేసింది. చోటు గురించి ఒక్క పూట ఆలోచించి ఉంటే తప్పేది.

పూత ఉన్న కొత్త కాయిల్ వేయించి, యూనిట్‌ను మెట్ల గది వెనుకకు, సముద్రగాలి నేరుగా తగలని పడమటి వైపుకు మార్చాం. గ్యాసు మళ్లీ నింపడంతో కలిపి 18 వేలు అయింది. తుపాను గుర్తుంది కాబట్టి ఈసారి కాంక్రీటు దిమ్మె పోయించి స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించాం. నెలకొకసారి కరెంటు ఆపేసి, మున్సిపాలిటీ మంచినీళ్లతో కాయిల్‌ను మెల్లగా కడుగుతాను. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడగకూడదు. మూడేళ్లు గడిచాయి, రేకులు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

ట్యాంకులోని మెగ్నీషియం కడ్డీని రెండేళ్లకొకసారి మారుస్తున్నాం. అది తాను కరిగి ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది. క్రిములు పెరగకుండా వారానికోసారి నీటిని 60 డిగ్రీలకు తెస్తాం. కింది స్నానాల గదికి పైపు దూరం ఎక్కువ కావడంతో మొదట అర బకెట్ చల్లనీళ్లు వచ్చేవి. పైపుకు రబ్బరు తొడుగు వేయించాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

నా కాయిల్ పాడైన ఏడాదే మా అబ్బాయి అమెరికాలోని మినియాపొలిస్‌లో ఇల్లంతా వెచ్చబెట్టుకోవడానికి హీట్ పంపు పెట్టించే ఆలోచనలో పడ్డాడు. "నాన్నా, ఇంటి కొలత చూసి 5 టన్నులది వేయమంటున్నారు" అన్నాడు. ఇంటి కొలత ఒక్కటే చూసి చెప్పే మాట నమ్మవద్దని గట్టిగా చెప్పాను. గదిగదికీ గోడ మందం, కిటికీలు, గాలి చొరబడే సందులు చూసి వేడి ఎంత పోతుందో లెక్క కట్టే మనిషిని వెతికాడు. ముందు అటక మీద ఇన్సులేషన్ పెంచి, సందులు మూయించాడు. అప్పుడు 3 టన్నులది సరిపోతుందని తేలింది. అవసరానికి మించి పెద్దది పెడితే మాటిమాటికీ ఆగి మొదలవుతూ కంప్రెసరు అరిగిపోతుంది.

అక్కడ ఇంకొక కిటుకు ఉంది. పెట్టె మీద రాసే సామర్థ్యం 47 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 8 డిగ్రీల దగ్గర కొలిచినది. చలి పెరిగే కొద్దీ గాలిలో దొరికే వేడి తగ్గుతుంది, ఇంటికి కావలసిన వేడి పెరుగుతుంది. కాబట్టి మైనస్ 15 దగ్గర ఎంత ఇస్తుందో కాగితం మీద చూసి కొనాలి. వాడు ఇల్లు వెచ్చబెట్టే పాత గ్యాసు ఫర్నేసును కూడా తీయలేదు, మరీ గడ్డకట్టే రోజులకు ఉంచుకున్నాడు.

2024 జనవరిలో నేను అక్కడే ఉన్నాను, మైనస్ 20కి దిగిన రోజులు చూశాను. బయటి యూనిట్‌ను మంచులో మునగకుండా ఎత్తయిన స్టాండు మీద పెట్టారు. ఒక ఉదయం దాని ఫ్యాను ఆగిపోయి ఒళ్లంతా తెల్లటి పొగ లేచింది. తగలబడుతోందని కేకవేశాను. కోడలు వచ్చి, "అది ఆవిరి మామయ్యా, కాయిల్ మీద పేరుకున్న మంచును తనే కరిగించుకుంటోంది" అంది. కొన్ని నిమిషాల్లో ఫ్యాను మళ్లీ తిరిగింది. ఇంట్లో వెచ్చదనం తగ్గినట్టే అనిపించలేదు.

ఇప్పుడు మన ఊళ్లో ఎవరు కొనాలి? ఇద్దరే ఉండే ఇంటికి నేను చెప్పను. పెట్టిన డబ్బు తిరిగి రాదు. మాకు ఏడాదికి 1,500 యూనిట్ల దాకా మిగులుతున్నా, మరమ్మతు కలుపుకుంటే ఖర్చు తీరడానికి పదేళ్లు పట్టేలా ఉంది. అపార్టుమెంటులో ఉండేవాళ్లు బయటి యూనిట్‌కు చోటు, ట్యాంకుకు గోడ బలం ముందే చూసుకోవాలి. అయిదారుగురు ఉండి, రోజూ వేడినీళ్లు వాడే ఇల్లయితే ధైర్యంగా పెట్టించుకోవచ్చు. సముద్రానికి దగ్గరైతే కాయిల్‌కు తుప్పు పట్టని పూత ఉందని బిల్లు మీద రాయించుకోండి. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు.