నాటకాల యాప్ రివ్యూ: కలెక్షన్ సూపర్, ఎడిటింగే కొంప ముంచింది

స్టేజ్ నాటకాల రికార్డింగులు చూపించే ఒక యాప్‌కి సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నా, పేరు చెప్పను లెండి, కింద కాస్త తిట్టబోతున్నా కాబట్టి. తీసుకున్నది ఒకే ఒక్క సెక్షన్ కోసం. రంగు, మతం, జాతి, భాష పేరుతో మనుషులు ఒకర్నొకరు తప్పుగా అర్థం చేసుకోవడం, చిన్నచూపు చూడటం మీద వచ్చిన నాటకాలన్నీ ఒకచోట పెట్టారు, ఏరినవాళ్లెవరో గానీ విషయం తెలిసినవాళ్లే.

ముందు చూసింది 'ఎ రైసిన్ ఇన్ ద సన్'. లొరెయిన్ హాన్స్‌బెర్రీ రాసింది, 1959లో బ్రాడ్‌వేకి (న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే చోటు) వచ్చింది, ఒక నల్లజాతి మహిళ రాసిన నాటకం అక్కడ ఆడటం అదే మొదటిసారి. చికాగోలో ఇరుకు ఫ్లాట్‌లో ఉండే యంగర్ అనే నల్లజాతి ఫ్యామిలీ, ఇన్సూరెన్స్ డబ్బులొస్తే తెల్లవాళ్లుండే ఏరియాలో ఇల్లు కొనుక్కుంటారు, అప్పుడు అక్కడి అసోసియేషన్ తరఫున లిండ్నర్ అనే ఆయన వీళ్లింటికి వస్తాడు చూడండి, ఆ ఒక్క సీన్ కోసమైనా చూడాలి. అరవడు, తిట్టడు, ఎంత మర్యాదగా నానుస్తాడంటే అసలు ఎందుకొచ్చాడో తేలడానికే చాలాసేపు పడుతుంది. చివరికి కక్కేదేంటంటే మీరు అక్కడికి రావద్దు, ఆ ఇల్లు మీకు లాభం వచ్చేలా మేమే కొనేస్తాం అని. ఆ ఇంటి కొడుకు వాల్టర్ ఇంకా నవ్వుతూ మర్యాదలు చేస్తూనే ఉంటాడు, చెల్లెలు బెనీతకి మాత్రం ముందే వాసన తగిలి మొహం బిగుసుకుపోతుంది. ఇక్కడ కెమెరామ్యాన్‌కి దండం పెట్టాలి, క్లోజప్పుల జోలికి పోకుండా నలుగుర్నీ ఒకే ఫ్రేమ్‌లో ఉంచాడు, మాట్లాడేవాడికంటే వినేవాళ్ల మొహాల్లోనే నాటకం ఎక్కువ ఉంది కదా మరి. లిండ్నర్ వేషం వేసినాయన కూడా విలన్‌లా చెయ్యలేదు, తను మంచి పనే చేస్తున్నాననుకునే మనిషిలా చేశాడు, అందుకే ఇంకా ఒళ్లు మండింది. అన్నట్టు ఇదంతా గాల్లోంచి పుట్టిన కథ కాదు, హాన్స్‌బెర్రీ వాళ్ల నాన్న చికాగోలోనే అలాంటి ఏరియాలో ఇల్లు కొంటే ఆ గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1940లో తీర్పొచ్చింది.

ఇప్పుడు తిట్లు. 'ఎం. బటర్‌ఫ్లై', డేవిడ్ హెన్రీ హ్వాంగ్ నాటకం, 1988లో అమెరికా నాటకాలకిచ్చే టోనీ అవార్డు వచ్చింది. ఫ్రెంచ్ దౌత్యవేత్త ఒకడు చైనా ఒపెరా నటిని ఏళ్ల తరబడి ప్రేమిస్తాడు, ఆమె గూఢచారి, పైగా ఆమె అసలు ఆడమనిషే కాదు. నిజంగా జరిగిన కేసు ఆధారంగా రాశాడు. తూర్పు దేశాల ఆడవాళ్లంటే అణిగిమణిగి ఉంటారు అని వాడి బుర్రలో ముందే ఒక బొమ్మ ఉంది, కళ్లెదురుగా ఉన్న మనిషిని వదిలేసి ఆ బొమ్మనే చూస్తాడు. ఇందులో రెండో అంకం అయ్యాక ఆ ఒపెరా నటి (పాత్ర పేరు సాంగ్) ప్రేక్షకులతోనే చెప్పి, స్టేజ్ మీదే కూర్చుని అందరూ చూస్తుండగా మేకప్ తీసేస్తుంది, అంటే ఇంటర్వెల్ కూడా నాటకంలో భాగమే. మన యాప్‌వాళ్లు ఏం చేశారంటే ఇంటర్వెలే కదా అని నీట్‌గా కట్ చేసి పారేశారు! మేకప్‌తో ఉన్న మొహం, టక్‌మని మగవాడి సూటు, మధ్యలో ఏమీ లేదు. సపోర్ట్‌కి మెయిల్ పెడితే 'మీ ఫీడ్‌బ్యాక్‌కి ధన్యవాదాలు' అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, అంతే సంగతులు.

షేక్‌స్పియర్ 'మర్చెంట్ ఆఫ్ వెనిస్'లో మాత్రం హాల్లో జనం సౌండ్ అలాగే ఉంచారు, బతికించారు. కోర్టు సీన్‌లో యూదుడు షైలాక్ ఓడిపోతున్నప్పుడు, అంతకుముందు వాడు జడ్జిని పొగిడిన మాటలనే అవతలి పక్షం గ్రాషియానో తిరిగి వాడి మీదకే విసురుతుంటాడు, జనం పగలబడి నవ్వుతున్నారు. కాసేపటికి షైలాక్ క్రైస్తవంలోకి మారాలి అన్న షరతు వస్తుంది, నవ్వులు ముక్కలు ముక్కలుగా ఆగిపోవడం హెడ్‌ఫోన్స్‌లో స్పష్టంగా వినిపిస్తుంది, ఇద్దరు ముగ్గురు లేటుగా కూడా నవ్వారు పాపం.

బ్రయన్ ఫ్రీల్ 'ట్రాన్స్‌లేషన్స్' (1980) చూసేటప్పుడు క్యాప్షన్లు ఆఫ్ చెయ్యండి, ఇది ముఖ్యం. బ్రిటిష్ సైనికుడు, ఐరిష్ పల్లెటూరి అమ్మాయి ప్రేమలో పడతారు, ఒకరి భాష ఒకరికి రాదు, కానీ స్టేజ్ మీద ఇద్దరూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు, మనకి ఇద్దరి మాటలూ అర్థమవుతుంటాయి వాళ్లకే అర్థం కాదు, మజా అంతా దాంట్లోనే. ఈ యాప్ ప్రతి డైలాగ్ ముందు ఐరిష్, ఇంగ్లిష్ అని లేబుల్ అంటించి మజా మొత్తం చంపేసింది.

నల్లవాడైన ఒథెల్లో పాత్రని తెల్ల నటుడు లారెన్స్ ఒలివియర్ మొహానికి నల్లరంగు పూసుకుని చేసిన 1965 నాటి షేక్‌స్పియర్ 'ఒథెల్లో' కూడా ఉంది, దాని పక్కన ఒక్క పరిచయ వాక్యం కూడా లేదు. అంతకు 22 ఏళ్ల ముందే, 1943లో, నల్లజాతి నటుడు పాల్ రోబ్‌సన్ అదే పాత్రని బ్రాడ్‌వేలో 296 షోలు ఆడాడు అని ఒక లైన్ పెడితే వీళ్ల సొమ్మేం పోయింది?

మొత్తానికి అయిదులో మూడున్నర. మంత్లీ ప్లానే తీసుకోండి, ఈ సెక్షన్ వరకు ఒక నెల చాలు, ఆటో రెన్యువల్ సెట్టింగ్ మాత్రం ప్రొఫైల్‌లో ఎక్కడో అట్టడుగున దాచారు, వెతికి ఆఫ్ చేసుకోండి. ఫోన్‌లో చూడకండి, వైడ్ షాట్‌లో మొహాలు కనిపించవు.