సిఫారసు ప్యాకేజీలు: రానివ్వడం మేలా, ఆపడం మేలా?

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాల్ చేయబోతే వెంట ఇంకో ముప్పై ప్యాకేజీల (సాఫ్ట్‌వేర్ మూటల) పేర్లు వరుస కడతాయి. వాటిలో 'డిపెండ్స్' అనే రకం లేకుండా ప్రోగ్రామ్ ఎక్కనే ఎక్కదు. 'సజెస్ట్స్' అడిగితే తప్ప రావు. పేచీ అంతా 'రెకమెండ్స్'తోనే, అంటే సిఫారసు ప్యాకేజీలతోనే: అడగకుండా వస్తాయి, వద్దంటే ఆగుతాయి.

ఆపడం తేలికే. ప్యాకేజీలను ఎక్కించే ఏపీటీ కమాండ్‌కు 'నో ఇన్‌స్టాల్ రెకమెండ్స్' తగిలిస్తే ఆ ఒక్కసారికి, సెట్టింగుల ఫైలులో ఒక వరుస రాస్తే శాశ్వతంగా. సర్వర్‌లోనో డాకర్ ఇమేజ్‌లోనో (ఒక ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సిన వాటితో సహా కట్టి ఉంచేది) అయితే నేనూ అదే చేస్తాను. ఏం కావాలో ముందే తెలిసిన చోట అదనపు బరువు ఎందుకు?

డెస్క్‌టాప్ సంగతి వేరు. నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌ను రెకమెండ్స్ లేకుండా బోసిగా ఎక్కించి చూడండి. నెట్ వస్తుంది. ల్యాప్‌టాప్ నుంచి ఫోనుకు హాట్‌స్పాట్ ఇవ్వబోతే మాత్రం పని జరగదు. ఫోనుకు ఐపీ అడ్రసు ఇవ్వాల్సిన డీఎన్ఎస్‌మాస్క్ రెకమెండ్స్‌లోనే ఆగిపోయింది మరి! ప్రింటింగ్ చూసుకునే కప్స్‌దీ అదే కథ. నెట్‌వర్క్‌లోని ప్రింటర్లను వెతికిపెట్టే అవాహీ రాకపోతే వైఫై ప్రింటర్ జాబితాలోకే ఎక్కదు, మనమేమో ప్రింటర్‌ను తిట్టుకుంటాం. డిస్క్‌లో కొన్ని మెగాబైట్లు మిగిల్చి ఒక సాయంత్రం పోగొట్టుకునే బేరం ఇది.

అసలు డెబియన్ నియమావళి ప్రకారం, అసాధారణమైన సందర్భాల్లో తప్ప ప్రోగ్రామ్‌తో పాటు ఉండేవే రెకమెండ్స్. ఇంటి కంప్యూటర్‌లో ఆ అసాధారణం ఏముంటుంది? ఆర్చ్ అనే మరో లినక్స్ వారి పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ ఐచ్ఛిక ప్యాకేజీల పేర్లు చూపించి ఊరుకుంటారు, ఎక్కించుకునే పని మనదే. చదివే ఓపిక ఉన్నవారికి అది బాగానే ఉంటుంది.

నాకు నచ్చింది మధ్యే మార్గం. అన్నింటినీ రానిచ్చి, అక్కర్లేని దాన్ని మాత్రం పేరు పెట్టి ఆపడం. సిమ్ మోడెమ్ వాడనివారు నెట్‌వర్క్ మేనేజర్‌ను ఎక్కించేటప్పుడు అదే కమాండ్‌లో మోడెమ్‌మేనేజర్ పేరు రాసి, చివర ఖాళీ వదలకుండా చిన్న గీత (-) పెడితే చాలు, అదొక్కటే రాదు. ఈ గీత సంగతి చాలామందికి తెలియకపోవడం విచిత్రం.

ఆపే సెట్టింగు ఇప్పుడు పెట్టినా పాత సరుకు కదలదు. ఉన్న ప్రోగ్రామ్ సిఫారసు చేసిన వాటిని అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ కమాండ్ మామూలుగా ముట్టుకోదు, దాని సెట్టింగు వేరే ఉంది. ఇప్పటికే ఆపి ఉంచినవారు ఏదైనా మొరాయించినప్పుడు 'ఏపీటీ షో' కమాండ్‌కు దాని పేరు ఇచ్చి ముందు రెకమెండ్స్ వరుస చదవాలి. రానిది కనిపిస్తే దాన్ని పేరుతోనే ఎక్కించుకోవచ్చు.