ఎటోరికాక్సిబ్‌తో నాలుగేళ్ళు: కడుపు కుదుటపడింది, బి.పి. పెరిగింది

మోకాళ్ళ అరుగుదలకు నేను మొదట వాడింది డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర. నొప్పికి బాగానే పనిచేసేది కానీ, ఉదయం టిఫిను చేసిన అరగంటకే గుండెల కింద మంట మొదలయ్యేది. చివరకు ఒకనాడు మలం తారులా నల్లగా రావడంతో ఎండోస్కోపీ చేయించుకుంటే, జీర్ణాశయంలో పుండు బయటపడింది. పైపూత ఉన్న మాత్ర కనుక కడుపుకు ఏమీ కాదని నమ్మాను. పూత ఉన్నా, మందు రక్తంలో కలిసిన తరువాత జీర్ణాశయపు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుందని అప్పటికి నాకు తెలియదు.

పుండు మానిన తరువాత డాక్టరుగారు ఎటోరికాక్సిబ్ 60 మిల్లీగ్రాములు రోజుకొకటి చొప్పున రాశారు. పొరను కాపాడే కాక్స్-1 ఎంజైము జోలికి పెద్దగా పోకుండా, వాపును, నొప్పిని పెంచే కాక్స్-2ను మాత్రమే అణిచే రకం ఇది. మంట వారం రోజుల్లో తగ్గింది. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు ఆగిపోయిన రోజుల్లో కూరగాయల సంచితో మధ్యలో కూర్చోకుండా మెట్లెక్కగలిగాను. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచే సాహసం మాత్రం చేయలేదు, దారిలోని హనుమంతవాక వరకు వెళ్ళి వెనుదిరిగాను.

ఇబ్బంది రెండో ఏడాదిలో వచ్చింది. ఒకసారి మందుల షాపులో 60 లేదని 90 ఇస్తే, మాట్లాడకుండా తెచ్చుకుని నెలన్నర వాడాను. అరుగుదల నొప్పికి రోజుకు 60 దాటకూడదని అడిగి తెలుసుకోకపోవడం నా తప్పే. సాయంత్రానికి చీలమండల దగ్గర మేజోళ్ళ పట్టీ అచ్చు లోతుగా పడేది. ఎప్పుడూ 130/80 దాటని బి.పి. 156/96 చూపింది. ఈ మందు శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి బి.పి.ని పెంచగలదని, అదుపులో లేని బి.పి. ఉన్నవారికి, గుండెజబ్బు ఉన్నవారికి ఇవ్వకూడదని డాక్టరుగారు చెప్పి, మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించారు. ఇదే కుటుంబానికి చెందిన రోఫెకాక్సిబ్‌ను గుండెపోటు ముప్పు కారణంగా 2004లో తయారీదారులే ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నారన్న సంగతి అప్పుడే తెలిసింది.

ఆ తరువాత కొన్నాళ్ళు మాత్ర ఆపి, బి.పి. దిగాక డాక్టరుగారి అనుమతితో మళ్ళీ 60 మొదలుపెట్టాను, కానీ రోజూ కాదు. నొప్పి ఎక్కువైనప్పుడు వరుసగా నాలుగైదు రోజులు మాత్రమే. మిగిలిన రోజుల్లో తొడ కండరాల వ్యాయామం, మోకాళ్ళ మీద రాసుకునే పూత మందు. నన్ను చూసి మా బావగారు కూడా ఇదే కావాలన్నారు కానీ, ఆయన గుండెకు స్టెంట్ వేయించుకుని రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారు. అసలు ఆయన గుండెకే ఇది పనికిరాదు, ఆపైన ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపుకు కలిగే రక్షణ కూడా చాలావరకు పోతుంది. డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఇప్పుడు నా స్ట్రిప్పు బి.పి. మిషను పెట్టెలోనే ఉంటోంది, మాత్ర తీయాలంటే ముందు చేతికి పట్టీ చుట్టుకోవలసిందే.