"చేతి పని, సగం ధరకే" అన్నారంటే వెనక్కి తిప్పి చూడండి

చేత్తో చేసిన వస్తువులని షాపుల్లో కొనేవాళ్లందరూ ఒకసారి ఇది చదవండి.

ఈమధ్య ఒక షాపులో భుజానికి వేసుకునే బ్యాగు కొన్నాను. దాని నిండా పూల ఎంబ్రాయిడరీ. ట్యాగు మీద "చేతి పని" అని పెద్ద అక్షరాలు, కింద ఒక ధర కొట్టేసి పక్కనే అందులో సగం ధర. "ఒక్కో బ్యాగుకి పది రోజుల పని పడుతుందండీ, ఆఫర్ కాబట్టి ఈ రేటు" అన్నాడు షాపాయన. కొద్ది రోజులకే లోపల లైనింగు కుట్టు ఊడింది. దాన్ని పక్కకి లాగి చూస్తే అసలు సంగతి బయటపడింది. పైన ఎర్ర పువ్వులు, ఆకుపచ్చ ఆకులు, పసుపు మొగ్గలు. వెనక మాత్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే తెల్ల దారం. అది మిషన్ బాబిన్ దారం, అంటే మిషన్ కింద చిన్న కండె నుంచి వచ్చేది. చేత్తో కుడితే పైన ఏ రంగు ఉంటే వెనకా అదే రంగు ఉంటుంది. అక్కడక్కడ ముడులు, దారం కొసలు, ఒక పువ్వు నుంచి పక్క పువ్వుకి లాగిన పోగులు కనిపిస్తాయి. ఇందులో అవేవీ లేవు.

తీసుకెళ్లి చూపిస్తే మాట మారింది. "మేం చేసింది కాదండీ, ఇది కమీషన్ మీద పెట్టిన సరుకు, చేసినవాళ్లనే అడగాలి" అన్నాడు. చేసింది ఎవరంటే చెప్పడు. ఆఖరికి "ఆఫర్ సరుకు వాపసు తీసుకోం" అని తేల్చేశాడు.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ కమీషన్ మాట దగ్గరే నాకు లెక్క కుదరలేదు. చేతి వస్తువులు షాపులోకి మామూలుగా రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, షాపువాళ్లే హోల్‌సేల్ రేటుకి కొని పెట్టుకోవడం. అప్పుడు ట్యాగు మీద ధర, కొన్న రేటుకి దాదాపు రెట్టింపు ఉంటుంది. రెండోది కమీషన్. వస్తువు చేసినవాళ్లదే, అమ్ముడైతేనే వాళ్లకి డబ్బు, అందులో 30 నుంచి 50 శాతం దాకా షాపు ఉంచుకుంటుంది. అద్దె, కరెంటు, జీతాలు అన్నీ అందులోంచే రావాలి కాబట్టి దాన్ని నేను దోపిడీ అనను. షాపు వాటా విని కోపం తెచ్చుకునేవాళ్లు ఒక్క నెల షాపు నడిపి చూడాలి.

ఇప్పుడు ట్యాగు మీద అసలు ధర 100 అనుకోండి. కమీషన్ 40 శాతం అయితే చేసినవాళ్లకి 60 రావాలి. సగం ధరకి అమ్మితే మొత్తం వచ్చేదే 50. అదే 40 శాతం పట్టుకుంటే వాళ్ల చేతికి 30. అందులోంచి గుడ్డ, దారం, జిప్పు ఖర్చు తీసేయండి. మిగిలిందాన్ని ఆయన చెప్పిన పది రోజులకి పంచితే, నేను కొన్న బ్యాగు మీద రోజుకి బస్సు టికెట్టు డబ్బులు కూడా రావు. అంటే మొదటి ధర ఉత్తుత్తిదైనా కావాలి, చేసిన మనిషి నష్టానికైనా ఇచ్చి ఉండాలి, లేదా అది చేతి పనే కాదు. పాత స్టాకు ఎప్పుడైనా ఒకసారి వదిలించుకోవడం వేరే సంగతి. ఏడాది పొడుగునా సగం ధర బోర్డు వేలాడుతుంటే మాత్రం ఈ మూడింట్లో ఏదో ఒకటి జరుగుతున్నట్టే.

అలాగని ఎక్కువ ధర ఉంటే అసలైనదని కూడా అనుకోవద్దు. ట్యాగు ఎవరైనా రాస్తారు. వస్తువునే చూడాలి. బ్లాక్ ప్రింటు గుడ్డ అయితే అచ్చు అచ్చు కలిసేచోట చిన్న తేడా, కొంచెం రంగు మీద రంగు పడటం ఉంటుంది. మీటర్ల కొద్దీ ఒక్క వెంట్రుక తేడా లేకుండా ఉంటే అనుమానించాలి. చక్రం మీద చేసిన మట్టి పాత్ర లోపల వేళ్లు పెట్టి తడిమితే చుట్లు చుట్లుగా గీతలు తగులుతుంటాయి. పక్కన నిలువుగా సన్నని అతుకు గీత ఉంటే అది మూసలో పోసింది. మూసలో పోసింది చెడ్డదని కాదు, చక్రం పని ధర పెట్టి కొనక్కర్లేదు, అంతే.

క్రోషె, అంటే కొక్కెం సూదితో అల్లే అల్లిక, కథే వేరు. అసలైన క్రోషెని పెద్ద ఎత్తున అల్లే మిషన్ ఇప్పటికీ లేదు. మిషన్ మీద వచ్చేవి చూడటానికి అలా ఉండే నిట్టింగు, లేసులే. కాబట్టి నిజం క్రోషె మరీ చవగ్గా దొరికిందంటే, ఎక్కడో ఎవరో తమ కష్టానికి తగ్గ కూలీ లేకుండా అల్లారన్నమాట. అల్లిన బుట్టలదీ చాలావరకు ఇదే పరిస్థితి.

కొనేముందు కౌంటర్ దగ్గర "ఇది మీరు కొని పెట్టారా, కమీషన్ మీదా? పాడైతే బాధ్యత ఎవరిది?" అని అడగండి. నిజాయితీగా అమ్మే షాపువాళ్లు దీనికి నొచ్చుకోరు, పైగా చేసినవాళ్ల గురించి ఉత్సాహంగా చెబుతారు. బిల్లు మీద "చేతి ఎంబ్రాయిడరీ" అనో "చేతి అల్లిక" అనో రాసివ్వమనండి. నోటితో పదిసార్లు చెప్పి కాగితం మీద రాయనంటే అక్కడే వదిలేసి రండి.

ఇంకోటి. ఇదంతా చదివి చేసినవాళ్ల దగ్గరికే వెళ్లి "షాపు కమీషన్ ఉండదు కదా, తగ్గించి ఇవ్వండి" అని బేరం పెట్టకండి. బయట తక్కువకి అమ్ముతున్నారని తెలిస్తే ఆ చేసినవాళ్ల సరుకు పెట్టుకోవడం షాపు మానేస్తుంది. అందుకే చాలామంది ఎక్కడైనా ఒకటే రేటు చెబుతారు.

ఇలాంటిది ఇప్పటికే కొని ఉంటే ట్యాగు తెంపెయ్యకండి. రెండు ధరలూ, "చేతి పని" అన్న మాటా కనపడేలా ఫోటో తీసి, బిల్లుతో పాటు దాచండి. నా ట్యాగు ఇంకా బ్యాగుకే ఉంది, ఫిర్యాదులో జత చేస్తున్నది దాన్నీ, వెనకవైపు తెల్ల దారం ఫోటోనీ.