కార్డు, సర్కారు ఆసుపత్రి, పొగతోట: ఇన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

మా ఇంట్లో ఆసుపత్రుల వాడకం ఎక్కువ. నాయనకు గుండె జబ్బు, అమ్మకు షుగరూ బీపీ, కనిగిరి వైపు ఇచ్చిన మా అక్క ఇంట్లో బావకు కిడ్నీలు. మాది కావలి, ఎరువుల కొట్టు. ఇక్కడి ఏరియా ఆసుపత్రి, నెల్లూరు దర్గామిట్టలో పెద్దాసుపత్రి, అదే ఊళ్లో పొగతోటలో ప్రైవేటు నర్సింగ్ హోములు, ఒంగోలు, ఆపైన మద్రాసు, అన్నీ తిరిగినవాళ్లమే. మిక్సీ కొంటే వారం తిరక్కుండా సమీక్ష రాసేస్తాం. ఆసుపత్రుల గురించి మాత్రం ఎవరో ఒక డాక్టరు మీద కోపమొచ్చినప్పుడే రాస్తాం. అందుకని తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మంచమ్మీద పడుకోబెట్టి చేసే వైద్యానికి మనలాంటి వాళ్లకు ఇప్పుడు ఒక దారి ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి చీటీ రాసిచ్చే వైద్యానికి లేదు. ఇల్లు గుల్లయ్యేది ఎక్కువగా ఆ రెండో దాంతోనే.

మొదట కార్డు సంగతి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, ఆ తర్వాత మన దాకా వచ్చింది. రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, ఇప్పుడు మళ్లీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మారుతుంది గానీ జనం నోట్లో మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీయే. ఆసుపత్రి కౌంటర్లో కూడా అదే మాట. మొదట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా ఉండేది, తర్వాత పెరుగుతూ పోయి 2023 డిసెంబరులో 25 లక్షలన్నారు. ఆ అంకె చూసి చాలామంది పొరబడుతున్నారు. అది చేతికొచ్చే డబ్బు కాదు. ఒక్కో జబ్బుకు ఇంత అని ప్యాకేజీ రేటు ఉంటుంది, ఆసుపత్రికి ముట్టేది అదే. మామూలు జబ్బుకు 5 లక్షల పరిమితైనా 25 లక్షలైనా మనకు తేడా తెలియదు.

నాయనకు ఛాతీలో నొప్పొచ్చిన రాత్రి 108 ఆలస్యం చేయకుండా వచ్చింది. నెల్లూరులో ఈ పథకం నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే కార్డు తీసుకునే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. అక్కడ అందరికన్నా పనికొచ్చిన మనిషి ఎవరంటే డాక్టరు కాదు, ఆరోగ్యమిత్ర, అంటే కార్డు పనులు చూడ్డానికి పథకం తరఫున ఆసుపత్రిలో కూర్చునే అమ్మాయి. చిన్న బల్ల, ఒక కంప్యూటరు, వేలిముద్ర మిషను. రేషన్ కార్డులో ఇంటి పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటే ఆ అమ్మాయే సరిచూసి ఎక్కించింది. నాయన వేలిముద్ర ఎంతకూ పడదు. నలభై ఏళ్లు ఎరువుల మూటలు ఎత్తిన వేళ్లు, గీతలన్నీ అరిగిపోయి ఉన్నాయి. ‘పెద్దాయనా, తొందరేం లేదు, నిదానంగా పెట్టు’ అని తడి గుడ్డతో వేలు తుడిచి, ఆరనిచ్చి, పక్క వేలు పెట్టించింది. అది పడింది. ఆ తర్వాత పథకం నుంచి అప్రూవల్ వచ్చింది, స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న గొట్టం) వేశారు. ఆపరేషను, మంచం, భోజనం, దేనికీ రూపాయి అడగలేదు.

అప్రూవల్‌కు ముందు మాత్రం ఒక పేచీ జరిగింది. ‘కార్డు కిందికి వస్తుందో రాదో తెలియదు, యాంజియోగ్రామ్‌కు మీరే కట్టండి’ అన్నారు. అది గుండె రక్తనాళాల్లో అడ్డు ఎక్కడుందో చూసే పరీక్ష. కట్టాం. రసీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు. హెల్ప్‌లైన్ నంబరు 104కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తానన్నాక డిశ్చార్జి రోజు ఆ డబ్బు తిరిగొచ్చింది. పథకంలో ఆపరేషన్‌కు కావాల్సిన పరీక్షలు కూడా ప్యాకేజీలో భాగమేనని చాలామందికి తెలియదు, ఆసుపత్రి వాళ్లు తమంతట తాము చెప్పరు. మీరు ఏం కట్టినా అసలు రసీదు తీసుకోండి, వైట్ పేపర్ ఒప్పుకోవద్దు.

ఆసుపత్రుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. చేసిన వైద్యానికి ప్రభుత్వం నుంచి డబ్బు నెలల తరబడి రాదు. 2024లోనూ 2025లోనూ బకాయిలు తీర్చలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు కార్డు సేవలు ఆపేశాయి. అలాంటప్పుడు ‘ఇప్పుడు కార్డు తీసుకోవట్లేదు, క్యాష్ అయితే చేరండి’ అనే మాట విన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చూసుకునేలా మారుస్తామని 2025లో అన్నారు. చేసేది ఎవరైనా కానీ, అప్పిచ్చిన వ్యాపారిని నేనూ, ఆరు నెలలు డబ్బు రాకపోతే ఏ కొట్టువాడైనా ఎలా మాట్లాడతాడో నాకు తెలుసు.

అసలు విషయం డిశ్చార్జి తర్వాత మొదలైంది. పది రోజుల మందులు సంచిలో వేసి పంపించారు. స్టెంట్ వేయించుకున్నవాడు రక్తం పలచబడే బిళ్ళలూ, కొలెస్ట్రాల్ బిళ్ళా ఏళ్ల తరబడి వేసుకోవాలి. పదకొండో రోజు నుంచి అవన్నీ మన జేబులోంచే. కొన్ని జబ్బులకు ఫాలో అప్ ప్యాకేజీ ఉంది గానీ, దానికి మళ్లీ అదే ఆసుపత్రికి బస్సెక్కి వెళ్లి లైన్లో కూర్చోవాలి, కూలీకి పోయేవాడికి ఆ రోజు కూలి పోతుంది. కేంద్రం 2018 సెప్టెంబరులో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా అంతే: ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా, చేరడానికి ముందు 3 రోజుల ఖర్చు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు చివర్లో ఇచ్చిన కార్డు కూడా చేరినవాళ్లకే.

దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉంటే, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని ప్రభుత్వ లెక్క. తగ్గిందంటే నమ్ముతాను, నాయన ఆపరేషనే దానికి సాక్ష్యం. ఆ మిగిలిన 39 ఎక్కడుందని అడిగితే మాత్రం మా ఇంటి పద్దు పుస్తకం చూపిస్తాను. మందుల షాపు, ల్యాబు, ఆటో. ఆపరేషన్ అన్న మాటే లేదు.

ఇక సర్కారు ఆసుపత్రి. కొన్నిటికి ఇంకెక్కడికీ వెళ్లనవసరం లేదని గట్టిగా చెబుతాను. పాము కరిస్తే నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికే పోవాలి, ఆర్‌ఎంపీ దగ్గరా చిన్న నర్సింగ్ హోముల దగ్గరా ఆగొద్దు. విరుగుడు మందు ఉండేదీ, దాన్ని రోజూ వాడే చెయ్యి ఉండేదీ అక్కడే. కుక్క కాటు ఇంజెక్షను కూడా అంతే. టీబీ అయితే ప్రైవేటు ఆలోచనే వద్దు, మందులు ఉచితం, పైగా తిండికని నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. పిల్లల టీకాలు, కాన్పులు సరేసరి. మా బావకు వారం వారం డయాలసిస్ ఉచితంగా జరుగుతోంది, నెలకు 10,000 పింఛను వస్తోంది. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడు నీళ్ల కష్టం, కిడ్నీల కష్టం మన జిల్లాల వాళ్లకు కొత్త కాదు. ఆ పింఛనే లేకపోతే అక్క పొలం ఎప్పుడో అమ్మాల్సొచ్చేది.

గర్భసంచి ఆపరేషన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తల్లో ప్రైవేటులో ఆ ఆపరేషన్లు విపరీతంగా పెరిగిపోయాయని గొడవైంది. ఆ తర్వాత దాంతో సహా కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. ఆడవాళ్లెవరైనా ‘సంచి తీసేయాలన్నారు’ అని చెబితే, ఇంకో డాక్టరుకు చూపించుకునేదాకా ఒప్పుకోవద్దని నేను ఈ రోజుకూ చెబుతుంటా.

ఓపీ దగ్గరకొస్తే కథ మారుతుంది. పేరెందుకు గానీ, అమ్మను షుగరు కోసం ఒక ప్రభుత్వ ఆసుపత్రికి కొన్నాళ్లు తిప్పాను. ఓపీ చీటీకి ఫోన్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. అమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోను. చుట్టూ ఉన్న ముసలివాళ్లందరిదీ అంతే. ఎవరైనా కుర్రాడు కనబడితే ‘అబ్బయా, నాది కూడా ఒక్కసారి కొట్టవా’ అని చుట్టుముడతారు. ఒక ఇంటర్ పిల్లాడు తన ఫోన్లోంచే వరసగా అందరికీ టోకెన్లు తీసిచ్చాడు, పాపం వాడు వచ్చింది వాళ్ల తాత కోసం. లోపల డాక్టరు మంచివాడే. అంత జనంలో కూడా అమ్మ పాదాలు వంగి చూశాడు, చాలా ప్రైవేటు చోట్ల చూడలేదు. మందుల కిటికీ దగ్గర మాత్రం రాసిన నాలుగింటిలో రెండు ఉంటాయి. షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్ దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. బీపీ బిళ్ళ ఒక నెల ఒక రకం, ఇంకో నెల ఇంకో రకం. ‘ఇది లేదు, బయట తీసుకోండి.’ ఈ మాట విన్న రోజున ఉచిత వైద్యం ఉచితం కాకుండా పోతుంది. బస్సు చార్జీ, సగం రోజు కొట్టు మూత, మందుల ఖర్చు కలిపితే పొగతోటకు పోయుంటేనే నయం అనిపిస్తుంది. 2017-18 జాతీయ శాంపిల్ సర్వేలో, జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రికి పోయేది నూటికి 30 మంది దాకానే అని తేలింది. ఆ లైన్లో నిలబడ్డవాడికి అందులో వింతేమీ కనబడదు.

పక్క రాష్ట్రంలో ఇది కాస్త నయం. తమిళనాడు 1994లోనే మందులు కొనడానికి ఒక కార్పొరేషన్ పెట్టి, రాష్ట్రమంతటికీ ఒకేచోట టెండరు పిలిచి కొంటోంది. మద్రాసులో సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జనరల్ ఆసుపత్రికి మావాళ్లొకరి వెంట వెళ్లినప్పుడు రద్దీ మన దగ్గరకన్నా ఘోరం, కానీ రాసిన మందులన్నీ కిటికీలోంచి వచ్చాయి. మనకూ అలాంటి సంస్థ ఉంది. కిటికీ దగ్గర ఆ తేడా ఎందుకొస్తుందో చూడాల్సినవాళ్లు చూడాలి.

పొగతోట గురించి నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏ సందులో చూసినా డాక్టరు బోర్డు, కింద మందుల షాపు, పక్కన ల్యాబు. టోకెన్ ఫోన్లో దొరుకుతుంది, పొద్దున వెళితే మధ్యాహ్నం బస్సుకు కావలి వచ్చేయొచ్చు. కొట్టు నడుపుకునేవాడికి అది పెద్ద విషయం. డాక్టర్లలో మంచి చెయ్యి ఉన్నవాళ్లు నిజంగా ఉన్నారు. చిక్కంతా చీటీలో ఉంది. ఒక చోట అమ్మకు రాసిన మందు నెల్లూరంతా తిరిగినా ఇంకే షాపులోనూ లేదు, ఆ డాక్టరు కింద షాపులో తప్ప. బిళ్ళల అట్ట వెనక అచ్చు వేసిన పేరు చదివితే అది మామూలు టెల్మిసార్టాన్, బీపీ బిళ్ళ. బ్రాండు పేరు లేని మందులు చవగ్గా అమ్మే కేంద్ర ప్రభుత్వ పథకం జన ఔషధి షాపులో అదే మందు దొరుకుతుంది. బ్రాండు మందు కన్నా 50 నుంచి 80 శాతం తక్కువకు ఇస్తామని వాళ్లు బోర్డు మీదే రాస్తారు, అమ్మ మందుల విషయంలో అది నిజమేనని తేలింది. డాక్టరుకు చూపిస్తే మొహం చిట్లించాడు గానీ వద్దనలేదు. ఇప్పుడు ఆమె బీపీ అదుపులోనే ఉంది. చిక్కల్లా జన ఔషధిలో సరుకు అన్నిసార్లూ ఉండకపోవడం. ఉన్నప్పుడే రెండు నెలలకు సరిపడా తెచ్చుకుంటాం.

బిల్లు గురించి ఒక గమ్మత్తు. మా పెదనాయనకు కార్డు లేదు, మద్రాసులో సొంత డబ్బుతో స్టెంట్ వేయించుకున్నాడు, ఒక్క స్టెంటుకే లక్ష పైన అయింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు కళ్లెం వేసింది, మందు పూసిన స్టెంట్ 29,600, మామూలుది 7,260 దాటకూడదని. తర్వాత ఆయనకు రెండోది వేసినప్పుడు బిల్లులో స్టెంట్ గీత సన్నబడింది, పక్కనున్న గీతలు లావెక్కాయి. ప్రొసీజరు చార్జి, కన్సూమబుల్స్, మానిటరింగ్. కన్సూమబుల్స్ అంటే ఏమిటని అడిగితే రెండు పేజీల లిస్టు ఇచ్చారు, అందులో గ్లౌజులు ఎన్ని ఉన్నాయంటే ఆ రోజు వార్డంతా తొడుక్కున్నారేమో అనుకున్నాం. అయినా మొత్తం మీద బిల్లు మొదటిసారి కన్నా తక్కువే అయింది, ఆ మేలు ఒప్పుకోవాలి.

ఎవరికి ఏది నయమంటే, పెద్ద ఆపరేషనైతే కార్డు తీసుకునే చోటికి వెళ్లండి, ముందుగా ఆరోగ్యమిత్రను కలవండి, ఆ తర్వాతే ఓపీలో కూర్చోండి. కాటు, కాన్పు, టీకా, టీబీ, డయాలసిస్‌కు సర్కారు. జబ్బేమిటో తేలకపోతే తేల్చుకోవడానికి పొగతోట, మందులకు మాత్రం వాళ్ల కింద షాపు కాకుండా చీటీ ఫొటో తీసుకుని బయటి షాపు. మూడింటికీ ఫైలు ఒకటే పెట్టుకోండి, లేకపోతే ప్రతి చోటా అదే రక్తపరీక్ష మళ్లీ రాస్తారు.

నా మట్టుకు నేను ప్రైవేటు బీమా పాలసీ ఒకటి కట్టుకుంటున్నా. 2024 ఏప్రిల్ నుంచి, పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు బీమా వర్తించడానికి ఆగాల్సిన గరిష్ఠ కాలం నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది, 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, ఆ రెండూ మంచివే. పోయిన నెల రెన్యువల్ కోసం వచ్చిన ఏజెంటును, ‘ఆపరేషన్లు సరే, నెలనెలా బిళ్ళలకు ఇచ్చే పాలసీ ఉందా’ అని అడిగా. ఉందన్నాడు, ఫోన్లో చూపించాడు. అమ్మకూ నాయనకూ కలిపి ప్రీమియం ఎంతో లెక్కేస్తే, ఏడాదికి వాళ్ల మందులకయ్యేదాని కన్నా ఎక్కువ తేలింది. పాతదే రెన్యువల్ చేసి పంపించా.