యూడీపీ సాకెట్లకు రీహ్యాష్: ఇన్నేళ్ల వాడకం తర్వాత

లైనక్స్ కెర్నెల్‌లో నాకు బాగా నచ్చిన మరమ్మతు ఏదని అడిగితే, 2010 సెప్టెంబరులో కెర్నెల్ డెవలపర్ ఎరిక్ డుమాజే యూడీపీకి (ముందుగా కనెక్షన్ కుదుర్చుకోకుండానే ప్యాకెట్లు పంపే ప్రోటోకాల్) చేర్చిన రీహ్యాష్ అంటాను, అంటే అడ్రసు మారిన సాకెట్‌ను హ్యాష్ టేబుల్‌లో సరైన చోటికి మార్చడం. డీఎన్ఎస్ రిజల్వర్లు (పేరుకు ఐపీ అడ్రసు వెతికిపెట్టే ప్రోగ్రాములు) నడిచే యంత్రాల మీద ఏళ్ల తరబడి దాన్ని నమ్ముకున్నాక రాస్తున్న మాట ఇది. హ్యాష్ టేబుల్ అంటే ఏమిటన్న జోలికి పోను.

ముందు అసలు జబ్బు. కెర్నెల్ 2.6.33లో యూడీపీ సాకెట్లకు (ప్రోగ్రాము నెట్‌వర్క్‌తో మాట్లాడే కొసలు) రెండో హ్యాష్ టేబుల్ వచ్చింది. మొదటిది పోర్టు నంబరును మాత్రమే చూస్తుంది, రెండోది స్థానిక అడ్రసు, పోర్టు రెండూ కలిపి చూస్తుంది. మొదటి టేబుల్‌లో సంబంధిత గదిలో (హ్యాష్ విలువను బట్టి సాకెట్లు చేరే బకెట్) 10 సాకెట్లకు మించి పోగైతేనే కెర్నెల్ రెండోదాని వైపు వెళ్లేది. ఒకే పోర్టు మీద వందల ఐపీలు పెట్టుకున్నవాళ్లకు ఇది నిజంగా వరం.

చిక్కంతా కనెక్ట్ దగ్గర. బైండ్ చేయకుండా (స్థానిక అడ్రసు, పోర్టు ముందే ఖాయం చేయకుండా) నేరుగా కనెక్ట్ (అవతలివారి అడ్రసు ఖాయం చేసే పిలుపు) పిలిస్తే కెర్నెల్ ముందు ఒక పోర్టు ఎంచి, సాకెట్‌ను రెండు టేబుళ్లలోనూ పెట్టేస్తుంది. అప్పటికి స్థానిక అడ్రసు 0.0.0.0, అంటే ఏ అడ్రసైనా సరే. ఆ తర్వాతే రూటు చూసి అసలు అడ్రసు, 192.0.2.10 అనుకుందాం, సాకెట్‌లో రాస్తుంది. రెండో టేబుల్‌లో మాత్రం సాకెట్ పాత గదిలోనే ఉండిపోయేది. జవాబు ప్యాకెట్ వచ్చినప్పుడు 192.0.2.10తో లెక్కగట్టిన గదిలో చూస్తే సాకెట్ ఉండదు. 0.0.0.0 గదిలో చూస్తే ఉంటుంది, కానీ దాని అడ్రసు ఇప్పుడు 0.0.0.0 కాదు గనక పోలిక కుదరదు. రెండు చోట్లా వెతికి, ఎవరూ లేరని కెర్నెల్ పోర్ట్ అన్‌రీచబుల్ పంపేసేది.

దీన్ని పట్టుకోవడం ఎందుకంత కష్టమో ఆ 10 అనే హద్దు చెబుతుంది. చిన్న యంత్రంలో టేబుల్‌కు 256 గదులు అనుకోండి. డీఎన్ఎస్ సర్వర్ 12 ఐపీల మీద 53వ పోర్టు తెరిస్తే ఆ ఒక్క గదిలోనే 12 సాకెట్లు. కెర్నెల్ తానే ఎంచే తాత్కాలిక పోర్టుల శ్రేణి అప్పట్లో 32768 నుంచి 61000 దాకా. అందులో 256తో భాగిస్తే 53 మిగిలే పోర్టులు సుమారు 110, అవన్నీ అదే గదిలో పడతాయి. అంటే దాదాపు 256 ప్రశ్నలకు ఒకటి పోతుంది. మళ్లీ అడిగితే వేరే పోర్టు తగిలి పని జరిగిపోతుంది. లాగ్‌లో కనిపించేది ఒక టైమవుట్ మాత్రమే, దాంతో అందరూ నెట్‌వర్క్‌ను తిడతారు. టీసీపీడంప్‌లో (ప్యాకెట్లు పట్టి చూపే పనిముట్టు) జవాబు యంత్రం దాకా వచ్చినట్టు కనిపించి, వెంటనే మన యంత్రమే పోర్ట్ అన్‌రీచబుల్ పంపుతూ, /ప్రాక్/నెట్/ఎస్ఎన్ఎంపీలో నో పోర్ట్స్ (సాకెట్ దొరకని ప్యాకెట్ల) లెక్క పెరుగుతుంటే అనుమానం ఇటు తిప్పాలి.

పాత కెర్నెల్‌లో కళ్లారా చూడాలంటే బూట్ లైనులో యూహ్యాష్_ఎంట్రీస్=256 పెట్టండి. 127.0.0.2 నుంచి 127.0.0.13 దాకా 12 అడ్రసుల మీద 5053వ పోర్టుకు సాకెట్లు బైండ్ చేయండి. ఇంకో సాకెట్‌ను 0.0.0.0 మీద 40125కు బైండ్ చేసి, 127.0.0.1లో 9000కు కనెక్ట్ చేయండి (5053, 40125 రెండింటినీ 256తో భాగిస్తే మిగిలేది 189). 9000 నుంచి పంపిన జవాబు ఎప్పటికీ చేరదు. టేబుల్ 512 గదులదైతే ఈ జత పనిచేయదు, డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్) సైజు ముందే చూసుకోవాలి.

మరమ్మతు చిన్నది. కనెక్ట్ అడ్రసు మార్చిన వెంటనే రీహ్యాష్ పిలుస్తుంది, అది మొదటి టేబుల్‌లోని గది తాళం (లాక్) పట్టుకుని, సాకెట్‌ను రెండో టేబుల్‌లో పాత గది నుంచి తీసి కొత్త గదిలో చేర్చి, రెండు గదుల లెక్కలూ సరిచేస్తుంది. ప్రతి ప్యాకెట్‌కూ నడిచే వెతుకులాటను అసలు ముట్టుకోలేదు, ఖర్చంతా కనెక్ట్‌కు ఒక్కసారే. నాకు నచ్చింది సరిగ్గా ఇదే.

ఇది పూర్తి మరమ్మతని చాలాకాలం అనుకున్నాను. తర్వాతి కెర్నెళ్లు 10 హద్దును తీసేసి ఎప్పుడూ రెండో టేబులే చూడటం మొదలుపెట్టాక, కనెక్షన్ తెంపినప్పుడు సాకెట్ తిరిగి 0.0.0.0 గదికి వెళ్లడం లేదని బయటపడింది. దానికి వేరే ప్యాచ్ కావలసి వచ్చింది. ఇంకో సందు, అడ్రసు మారడానికీ రీహ్యాష్ ముగియడానికీ మధ్య క్షణం. సోక్యాట్ (డేటాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేసే పనిముట్టు) లిజన్ పద్ధతిలో మొదటి ప్యాకెట్ చూశాకే కనెక్ట్ చేస్తుంది, రెండో ప్యాకెట్ సరిగ్గా ఆ క్షణంలో వస్తే దిక్కుండదు. 2024 చివర్లో వచ్చిన ప్యాచ్ దీన్ని మూసింది: రెండో టేబుల్‌లో దొరక్కపోతే చివరగా పోర్టు టేబుల్ కూడా వెతుకుతుంది. అంటే వెతుకులాటను ముట్టుకోకుండా పని కాలేదు.

నా యంత్రాల్లో ఒక్కో ప్రశ్నకు ఒక్కో సాకెట్, ఒకే కనెక్ట్, ఆపైన క్లోజ్. తెంపడం ఉండదు, ప్రశ్న పంపకముందే సాకెట్ తన గదికి చేరి ఉంటుంది. అందుకే 2010 నాటి రీహ్యాష్ ఒక్కటే నాకు సరిపోయింది. మొదటి ప్యాకెట్ తర్వాత కనెక్ట్ చేసే సర్వర్ రాసేవాళ్లకు ఇదే మాట చెప్పలేను, వాళ్లు కొత్త ప్యాచ్ ఉన్న కెర్నెల్ చూసుకోవాలి. కెర్నెల్ మార్చే వీలు లేకపోతే, కనెక్ట్‌కు ముందే ఖచ్చితమైన స్థానిక అడ్రసుకు బైండ్ చేయండి. సాకెట్ మొదటినుంచీ సరైన గదిలోనే ఉంటుంది. రెండు లింకులున్న యంత్రంలో మాత్రం రూటు మారినా అడ్రసు పాతదే ఉండిపోతుంది, అక్కడ ఇది వద్దు.